రెండు మిల్లీమీటర్ల మోటార్ షాఫ్ట్ నేర్పిన పాఠం

తెల్లారితే చెల్లి సైన్స్ ఫెయిర్. తన బొమ్మ కారు మోటార్ తిరుగుతోంది గానీ, చక్రం జారిపోతోంది. షాఫ్ట్ మందం 2 మిల్లీమీటర్లే. ఇంజినీర్‌ని కదా అని, దానికి అడ్డంగా 1 మిల్లీమీటర్ రంధ్రం వేసి పిన్ను గుచ్చుదామనుకున్నా. గుండ్రటి షాఫ్ట్ మీద బిట్ జారి, పుటుక్కున విరిగింది. ఉన్నది ఆ ఒక్క మోటారే!

వీధి చివర లేత్ షాపుకి పరిగెత్తా. ‘‘రంధ్రం వేస్తే మిగిలేదెంత తమ్ముడూ? అటు అర, ఇటు అర’’ అని నవ్వాడు అన్న. ఇనుప రజను లోపలి అయస్కాంతాలకు అంటకుండా మోటార్‌కి టేపు చుట్టాడు. ఆకురాయితో షాఫ్ట్‌ని ఒక పక్క కాస్త చదును చేశాడు. కప్లర్ తొడిగి, చిన్న స్క్రూని సరిగ్గా ఆ చదును మీదే బిగించాడు. దానికి చక్రం.

పొద్దున కారు జారకుండా పరిగెత్తింది. మీ షాఫ్ట్ కూడా జారుతోందా? డ్రిల్ పక్కన పెట్టి, ముందు ఆకురాయి తీయండి.