వర్చువల్ మెషీన్ బూట్ అవ్వట్లేదా? డిలీట్ కొట్టే ముందు ఇది చదవండి

"అన్నయ్యా, ఉబుంటు పోయింది. డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేయనా?"

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్. ఇక్కడే అనకాపల్లిలో ఉంటాడు, బీటెక్ ఫైనలియర్. విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు పెట్టుకుని ప్రాజెక్ట్ చేస్తున్నాడు. మంగళవారం రివ్యూ. కోడ్ మొత్తం ఆ వర్చువల్ మెషీన్‌లోనే ఉంది, గిట్‌హబ్‌లో ఒక్క ఫైల్ కూడా లేదు. "ఏదీ ముట్టుకోకురా, వస్తున్నా" అని బండి తీశా.

వెళ్లి చూస్తే నల్ల స్క్రీన్, పైన బిజీబాక్స్ అని పేరు, కింద బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే ప్రాంప్ట్. ఇది కనిపిస్తే సగం టెన్షన్ తగ్గించుకోవచ్చు. కెర్నల్ లోడ్ అయింది, రూట్ పార్టిషన్‌ని మాత్రం మౌంట్ చేయలేకపోతోంది అని అర్థం. రాత్రి కరెంట్ పోయింది, వాడి ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. డిస్క్ మీద ఏదో రాస్తుండగానే మొత్తం ఆగిపోయింది.

ఇంకో విషయం కూడా బయటపడింది. మెషీన్ ఉన్న డీ డ్రైవ్‌లో 300 ఎంబీ కూడా ఖాళీ లేదు, అన్నీ సినిమాలే. వీడీఐ ఫైల్‌ని డైనమిక్‌గా పెట్టుకుంటే వాడే కొద్దీ పెరుగుతుంది. హోస్ట్‌లో జాగా అయిపోతే వర్చువల్‌బాక్స్ గెస్ట్‌ని మధ్యలోనే పాజ్ చేసేస్తుంది.

మొదట చేసింది రిపేర్ కాదు, కాపీ. మెషీన్ ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి పంపాం. వీడీఐ ఒక్కటే కాదు, స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌తో సహా. చాలామంది జాగా కోసం ఆ ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. స్నాప్‌షాట్ తీశాక మీరు చేసిన మార్పులన్నీ ఆ ఫైళ్లలోనే ఉంటాయి.

తర్వాత సినిమాలు తీసేసి, ప్రాంప్ట్ దగ్గర ఎగ్జిట్ అని కొట్టాం. ఏ పార్టిషన్‌లో తేడా ఉందో అదే చెప్తుంది. వాడికి ఎస్‌డీఏ3 అని వచ్చింది. ఎఫ్ఎస్‌సీకే కమాండ్‌కి హైఫన్ వై పెట్టి, ఆ పార్టిషన్ పాత్ ఇచ్చాం. హైఫన్ వై అంటే అడిగిన ప్రతిదానికీ ఎస్ అన్నట్టే, ఒక్కోసారి ఫైళ్లు పోవచ్చు. కాపీ ముందు అన్నది అందుకే. రీబూట్ చేస్తే లాగిన్ స్క్రీన్ వచ్చింది! రాత్రి చివరగా రాసిన ఒక్క ఫైల్ మాత్రం జీరో బైట్లు. దాన్ని మళ్లీ రాసుకున్నాడు.

అందరికీ ఇదే ఎర్రర్ రాదు. "నో బూటబుల్ మీడియం" అని వస్తే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూడండి, డిస్కో ఐఎస్‌ఓనో ఊడిపోయి ఉంటుంది. యూఈఎఫ్ఐ షెల్‌లోకి పోతుంటే, ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఈఎఫ్ఐ టిక్ ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా చూడండి. వీటీ ఎక్స్ డిజేబుల్డ్ అంటే బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. విండో కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే వెనకాల హైపర్‌వీ నడుస్తోందని, అందుకే బూట్ నత్తనడక. విండోస్ 11 గెస్ట్‌కి టీపీఎం 2.0 కావాలి, అది వర్చువల్‌బాక్స్ 7.0 నుంచే ఉంది. ఏదీ అర్థం కాకపోతే మెషీన్ మెనూలో షో లాగ్ తెరిచి చదవండి. మనవాళ్లు లాగ్ తప్ప అన్నీ చూస్తారు, నేనూ అంతే అనుకోండి.

అసలు బూటే అవ్వకపోతే? ఆ వీడీఐని బాగున్న ఇంకో మెషీన్‌కి రెండో డిస్క్‌గా తగిలించి ఫైళ్లు లాగేసుకోండి. ఇది చిన్న చిట్కా అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అప్‌డేట్ దెబ్బకి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అప్పుడు అజూర్‌లో లేవని వర్చువల్ మెషీన్ల డిస్క్‌లని చాలామంది ఇలాగే రిపేర్ మెషీన్‌కి తగిలించి, పాడైన ఫైల్ తీసేసి బతికించారు.

మావాడు ఆ మధ్యాహ్నమే కోడ్ మొత్తం గిట్‌హబ్‌కి పుష్ చేశాడు. హార్డ్ డిస్క్‌లో కాపీ మాత్రం రిజల్ట్స్ వచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది.