లేని యంత్రంపై సాధన

తపతీ తీరాన ఉన్న సూరత్ వాసులు 2006 ఆగస్టును మరువలేరు. ఉకాయ్ ఆనకట్ట నుండి వదలిన నీరు నగరంలో అధికభాగాన్ని ముంచెత్తినది. వీధులు నీట మునిగినవేళ కంప్యూటర్ గదికి చేరుకొనుట ఎట్లా? విద్యుత్తు, లైను నిలిచి ఉన్నంతవరకు దూరం నుండే సర్వరును పరిశీలించి, ఆపి, తిరిగి నడిపించగల సాధనం ఒకటి ఉన్నది. దాని పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్.

ఇది సర్వరు మదర్‌బోర్డుపైనే అమర్చిన చిన్న కంప్యూటరు. ప్రాసెసరు, మెమరీ, ఫర్మ్‌వేరు దీనికి వేరుగా ఉంటాయి. ప్రధాన యంత్రం ఆగి ఉన్నా, స్టాండ్‌బై విద్యుత్తుతో ఇది మేలుకొనే ఉంటుంది. ఉష్ణోగ్రతను, ఫ్యాన్ల వేగాన్ని, వోల్టేజిని కనిపెట్టుకొని ఉంటుంది. ఊరంతా నిద్రించినా కన్ను మూయని కాపలాదారు వంటిదన్నమాట. దీనితో సంభాషించుటకు 1998లో ఐపిఎంఐ, 2015లో రెడ్‌ఫిష్ అను ప్రమాణాలు వెలువడినవి.

మరి కాపలాదారుకే జబ్బు చేస్తే? ఒక పర్యాయం మేము ఎక్కించిన కొత్త ఫర్మ్‌వేరుతో ఒక కంట్రోలరు మూగబోయినది. లోపం మాదే; ముందుగా పరీక్షించలేదు. ఫ్లాష్ చిప్‌ను విడదీసి, పాత ఫర్మ్‌వేరును తిరిగి వ్రాసినగాని అది పలుకలేదు. ఆ అనుభవమే మమ్ము అనుకరణ విధానం వైపు నడిపించినది.

ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో విడుదల చేసిన క్యూఇఎంయు అను ఉచిత సాఫ్ట్‌వేరు ఇందుకు ఉపకరిస్తుంది. ఆస్పీడ్ సంస్థవారి కంట్రోలరు చిప్‌లను ఇది అనుకరించగలదు. ఏఆర్‌ఎం ప్రాసెసరు ఆదేశాలను మన కంప్యూటరు భాషలోనికి మార్చుతుంది. ఫ్లాష్ చిప్ స్థానంలో ఒక ఫైలు ఉంటుంది. సెన్సర్లు కూడ సాఫ్ట్‌వేరు రూపాలే. ఓపెన్‌బిఎంసి వంటి ఫర్మ్‌వేరు, తాను అసలు బోర్డుపైనే ఉన్నానని భావించి నడుస్తుంది.

ఇందలి లాభం గొప్పది. ఉష్ణోగ్రత 95 డిగ్రీలకు చేరితే హెచ్చరిక వస్తుందా అని తెలుసుకొనుటకు నిజమైన సర్వరును కాల్చి చూడలేము కదా! ఇక్కడ ఒక్క ఆదేశంతో సెన్సరు విలువను మార్చి చూడవచ్చును. ఫర్మ్‌వేరు చెడినచో ఫైలును మార్చి తిరిగి మొదలుపెట్టవచ్చును. విద్యుత్ కేంద్రాలలో ఆపరేటర్లకు సిమ్యులేటరుపై శిక్షణ ఇచ్చుట వంటిదే ఇది.

అయితే అనుకరణకు హద్దులున్నవి. రూపకర్త పొందుపరచినదే అది చూపగలదు. ఫ్యానులో పేరుకొన్న దుమ్ము, వదులైన సోల్డరు అందులో కానరావు. కనుక తుది పరీక్ష అసలు బోర్డుపైననే జరుగవలెను.

మన ఇండ్లలో పిల్లలు అసలు పరీక్షకు ముందు నమూనా పరీక్ష వ్రాయుదురు. అక్కడ చేసిన తప్పుకు మార్కులు పోవు. పాఠం మాత్రం మిగులుతుంది. యువ సహోద్యోగులకు మా మనవి ఒక్కటే: తప్పులన్నీ లేని యంత్రంపైననే చేయండి, ఉన్న యంత్రం పదికాలాలు మన్నుతుంది.