టైరు అరగకుండానే ముసలిదవుతుందా?

ఒక చిక్కు ప్రశ్న. వినుకొండ నుంచి గుంటూరుకు రోజూ కిరాయికి తిరిగే కారు ఒకటుంది అనుకుందాం. బొల్లాపల్లిలో ఒక రైతు ఇంటి ముందు ఆగి ఉండే కారు ఇంకొకటి. అది పెళ్ళికో, ఆసుపత్రికో నెలకు నాలుగుసార్లు మాత్రమే బయటికి వస్తుంది. రెండింటికీ ఒకే రోజున కొత్త టైర్లు వేశారు. ఏడేళ్ళ తరువాత ఏ కారుకున్న టైర్లను ముందుగా అనుమానించాలి?

"కిరాయి కారువి" అంటారు కదూ! కాని ఆ టైర్లు ఏడేళ్ళు ఉండనే ఉండవు. ఒకటి రెండేళ్ళలోనే అరిగిపోయి ఉంటాయి, డ్రైవరు మార్చేసి ఉంటాడు. అనుమానించవలసింది ఇంటి ముందు కారు టైర్లనే. వాటి గాడులు ఇంకా లోతుగా, కొత్తవాటిలాగే కనిపిస్తాయి. ప్రమాదం దాగి ఉన్నది అక్కడే. టైరుకు రెండు రకాల వయసులుంటాయి. ఒకటి తిరిగిన దూరాన్ని బట్టి, రెండవది గడిచిన కాలాన్ని బట్టి.

మొదటిది కంటికి కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి బండి నడిపిన డ్రైవరు టైరు మీద చెయ్యి వేసి దాని చరిత్ర చెప్పేస్తాడు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా ఉంచారన్నమాట. నడిమి భాగమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒకవైపే అరిగితే చక్రాల అమరిక తప్పింది. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. అరుగుదల ఆ గట్ల మట్టానికి వచ్చిందంటే కారు టైరులో మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే. ఇక వాననీటిని పక్కకు తోసే శక్తి గాడులకు ఉండదు. టైరు మార్చి తీరాలి.

రెండవ వయసు అర్థం కావాలంటే రబ్బరు లోపలికి చూడాలి. రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో కలిపి వేడి చేసినప్పుడు, గంధకం ఆ గొలుసుల మధ్య వంతెనలు కట్టింది. జిగట పోయి, సాగి తిరిగి యథాస్థితికి వచ్చే గుణం నిలిచింది. కాని గాలిలోని ఆక్సిజన్ ఊరుకోదు. కొన్ని గొలుసులను తెంచుతుంది, కొన్నింటి మధ్య అక్కరలేని వంతెనలు కడుతుంది. రబ్బరు గట్టిపడి పెళుసవుతుంది. ఓజోన్ అయితే పైపొరను చీలుస్తుంది. మన నల్లరేగడిలో వేసవిలో పడే నెర్రెల వంటి సన్నని పగుళ్ళు టైరు పక్కగోడ మీద కనిపించేది అందుకే.

దీన్ని ఆపడానికి తయారీలోనే మైనం, రక్షక రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి పైకి ఊరి పూతలా కాపాడతాయి. కదలని టైరుకు ఆ పూత సరిగా అందదు. ఎండలో నిలబెడితే మరీ నష్టం, ఎందుకంటే వేడి పెరిగినకొద్దీ రసాయన చర్యలు వేగమవుతాయి. రెంటచింతల ఎండలు ఎరిగిన పల్నాటి వారికి ఈ మాట వేరే చెప్పాలా!

ఇలా ముసలిదైన టైరు ఊళ్ళో మెల్లగా తిరిగినంత సేపూ ఏమీ తెలియదు. ఒకరోజు అయిదుగురిని ఎక్కించుకుని, మే నెల మధ్యాహ్నం హైదరాబాదు దారి పట్టారనుకోండి. కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ వంగుతూ టైరు వేడెక్కుతుంది. లోపలి ఉక్కు తీగల పొరకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలి ఉంటే, పై రబ్బరు ఊడిపోవచ్చు, టైరు పేలిపోవచ్చు.

వేడికి గాలి పీడనం ఎంత పెరుగుతుందో లెక్క వేద్దాం. 30 డిగ్రీల వద్ద మీటరు 33 పౌండ్లు చూపింది. వాతావరణ పీడనం 15 కలిపితే 48. టైరు లోపల 60 డిగ్రీలైతే 48ని 333తో గుణించి 303తో భాగించండి. సుమారు 53 వస్తుంది. అందులోంచి 15 తీసేస్తే మీటరు మీద 38. అది చూసి కంగారుపడి గాలి తీసేయకూడదు. టైరు చల్లారాక గాలి తక్కువై, మరుసటి ప్రయాణంలో మరింత వంగి ఇంకా వేడెక్కుతుంది. అందుకే బండి కదలకముందే గాలి చూసుకోవాలి.

టైరు పుట్టినరోజు దాని పక్కగోడ మీదే ఉంటుంది. నాలుగు అంకెల కోసం వెతకండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్ళు దాటితే ఏటా పరీక్ష చేయించాలనీ, పదేళ్ళు నిండితే గాడులు బాగున్నా తీసేయాలనీ టైరు నిపుణులు చెబుతారు. కొత్త టైరు కొనేటప్పుడూ ఈ అంకెలు చూడాలి. పాత టైరును చౌకగా ఇస్తామన్నప్పుడు మరీ చూడాలి.

మీరే చేసి చూడండి: రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఒకదాన్ని చెక్క ముక్క మీద బిగువుగా సాగదీసి ఎండలో ఉంచండి. రెండవదాన్ని డబ్బాలో చీకట్లో దాచండి. నెల రోజుల తరువాత రెండూ సాగదీసి పోల్చండి. దేనిలో పగుళ్ళున్నాయి? ఏది ముందు తెగింది?

తరువాత ఆగి ఉన్న మీ ఇంటి బండి టైర్ల తేదీలు చదివి, ఇంట్లో పెద్దలకు చెప్పండి. డిక్కీలో పడుకున్న స్టెప్నీని మరిచిపోకండి. అన్నిటికంటే కొత్తగా కనిపించేదీ, తరచుగా అన్నిటికంటే ముసలిదీ అదే!