‘లుక్ ఆఫ్టర్’ అంటే ‘తర్వాత చూడు’ కాదు

‘లుక్’ అంటే చూడు. ‘ఆఫ్టర్’ అంటే తర్వాత. మరి ‘ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మై బ్యాగ్’ అంటే? ‘నా సంచిని తర్వాత చూడు’ అని రాసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. రెండు మాటలకూ విడివిడిగా అర్థం తెలుసు. రెండూ కలిస్తే వచ్చే మూడో అర్థమే తెలీదు. అసలు అర్థం, ‘నా సంచి కొంచెం చూసుకో’ అని.

ఇలా ఒక క్రియ వెనక ఆన్, ఆఫ్, అప్, డౌన్, అవుట్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థం ఇస్తే దాన్ని ఫ్రేజల్ వర్బ్ అంటారు. పరీక్షలో దీనికి పడేది ఒకటో రెండో మార్కులు. కానీ ఆస్పత్రిలో, ఇంటర్వ్యూలో, ఫోనులో వినపడే ఇంగ్లీషు చాలామటుకు వీటితోనే నడుస్తుంది. పుస్తకం ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు కూడా మాటల దగ్గర తడబడేది ఇక్కడే.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో మళ్ళీ తెలుగు, ఇక ఇంగ్లీషు ఎక్కడ నిలుస్తుంది అని అడిగే తల్లిదండ్రులు కారమడైలో తక్కువేం లేరు. వాళ్ళ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే ఈ ఒక్క పాఠం వరకు మన తెలుగే పిల్లలకు నిచ్చెన అవుతుంది.

ఎలాగో చూడండి. మనం ‘చూడు’ అంటే ‘లుక్ ఎట్’. అదే ‘చూసుకో’ అంటే ‘లుక్ ఆఫ్టర్’. ‘ఎదురుచూడు’ అంటే ‘లుక్ ఫార్వర్డ్ టు’. ‘చిన్నచూపు చూడు’ అంటే ‘లుక్ డౌన్ ఆన్’. చూపు ఒకటే, పక్కన చేరే మాటను బట్టి పని మారిపోతోంది. తమిళంలోనూ అంతే, ‘పార్’ వేరు, ‘పాత్తుక్కో’ వేరు, ‘ఎదిర్‌పార్’ వేరు. ‘కొట్టాడు’కీ ‘కొట్టేశాడు’కీ తేడా మన ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. వాడి పెన్సిలు ఎవడో కొట్టేశాడంటే, పెన్సిలుకి దెబ్బ తగిలిందని ఎవరూ అనుకోరు కదా! రెండు మాటలు కలిస్తే మూడో అర్థం వస్తుందన్న సంగతి పిల్లలకు పుట్టుకతో వచ్చిందే. కొత్తగా నేర్వాల్సింది ఇంగ్లీషు ఏ జతకు ఏ అర్థం ఇచ్చిందన్నదే.

ఈ బాధ మనది మాత్రమే కూడా కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో లండనులో తన ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేసినప్పుడు, పరదేశీయులకు అన్నిటికన్నా కష్టమైనది ఈ జంటమాటలేనని ముందుమాటలోనే రాశారు. ఫ్రేజల్ వర్బ్ అన్న పేరు మాత్రం అంత పాతది కాదు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తెచ్చిన పుస్తకంతో అది వాడుకలోకి వచ్చింది.

కొన్నిచోట్ల ఇంగ్లీషే మనకన్నా సులువు. మనం చొక్కా వేసుకుంటాం, చీర కట్టుకుంటాం, చెప్పులు తొడుక్కుంటాం, కళ్ళద్దాలు పెట్టుకుంటాం. ఇంగ్లీషువాళ్ళకు అన్నీ ‘పుట్ ఆన్’. తీసేస్తే అన్నీ ‘టేక్ ఆఫ్’. ఒక్క జాగ్రత్త కావాలి. వేసుకునే పని జరుగుతుంటే ‘పుటింగ్ ఆన్’, వేసుకుని ఉంటే ‘వేరింగ్’. యూనిఫాం తొడుక్కుని క్లాసులో కూర్చున్న పిల్ల ‘ఐ యామ్ పుటింగ్ ఆన్ మై యూనిఫాం’ అనకూడదు.

తప్పులు ఎక్కువగా వచ్చేది మన మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించినప్పుడు. ‘లైట్ ఆన్ చెయ్యి’ అని మనం అంటాం. ఇంగ్లీషువాళ్ళ ‘స్విచ్ ఆన్’లో ‘స్విచ్’ వదిలేసి, ‘ఆన్’కి మన ‘చెయ్యి’ తగిలించుకున్నాం. తెలుగులో అది చక్కగా కుదిరింది. దాన్నే తిరిగి ఇంగ్లీషు చేసేటప్పుడు ‘చెయ్యి’ పోతుంది, ‘స్విచ్’ తిరిగి రాదు, చివరికి ‘ఆన్ ద లైట్’ అని మిగులుతుంది. అందులో క్రియే లేదు. ‘స్విచ్ ఆన్ ద లైట్’ అనాలి.

మేట్టుపాళయం రైలు దిగి ‘ఐ గాట్ డౌన్ ఎట్ కారమడై’ అంటే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, దానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. బయటివాళ్ళకు మాత్రం ‘గెట్ డౌన్’ అంటే చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడం. బస్సుకీ రైలుకీ ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’ వాడండి. కారుకీ ఆటోకీ ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’.

ఉద్యోగం అర్జీలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023’ అని రాసే అలవాటు ఇంకా ఇబ్బంది పెడుతుంది. సైనిక శిక్షణ ముగిసినప్పుడు జరిగేది పాసింగ్ అవుట్ పరేడ్, నిజమే. కానీ చాలా దేశాల్లో ‘పాస్డ్ అవుట్’ అనగానే స్పృహ తప్పి పడిపోయారనే అనుకుంటారు. ‘ఐ కంప్లీటెడ్ ట్వెల్త్ స్టాండర్డ్’ అని రాస్తే ఏ గొడవా లేదు.

మేకప్, చెకప్, లాకప్, బ్రేక్‌డౌన్ ఇవన్నీ ఈ కుటుంబం మాటలే. అవి పేర్లు కాబట్టి ఒకే మాటగా రాస్తారు. క్రియగా వాడితే రెండు మాటలుగా విడిపోతాయి, కాలం మార్పు మొదటి మాటకే పడుతుంది. అందుకే ‘ద బస్ బ్రోక్ డౌన్’. ‘బ్రేక్‌డౌన్డ్’ అన్న మాటే లేదు.

అన్నిటికన్నా చిక్కు ‘ఇట్’ ఎక్కడ పెట్టాలన్నది. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’, రెండూ సరే. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి, ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. పోనీ అన్నిటికీ మధ్యలో పెడదామా అంటే, ‘లుక్ ఆఫ్టర్’ విడిపోదు, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనే అనాలి. ఏది విడిపోతుంది, ఏది విడిపోదు అని చెప్పే అడ్డదారి సూత్రం వెతకడం కన్నా, నోట్సులో రాసుకునేటప్పుడే ‘ఇట్’ని చేర్చి రాసుకోవడం మేలు. ‘టర్న్ ఆఫ్’ అని కాదు, ‘టర్న్ ఇట్ ఆఫ్, ఆపెయ్యి’ అని. ‘లుక్ ఆఫ్టర్ ఇట్, చూసుకో’ అని. నోటికి ఎలా రావాలో అలాగే కాగితం మీదా ఉంటుంది.

యాభై జతల పట్టీ పెట్టుకుని బట్టీ కొట్టడం మాత్రం వద్దు. రోజుకు రెండు చాలు, అవి కూడా ఆ రోజు ఇంట్లో నిజంగా జరిగిన పని మీద ఉండాలి. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు కూడా ఇందులో చెయ్యగలిగింది ఉంది. రాత్రి అన్నం దగ్గర ‘ఇవాళ ఏం వేసుకున్నావు, ఏం ఆపేశావు, ఎవర్ని చూసుకున్నావు’ అని తెలుగులోనే అడగండి. జవాబు వాళ్ళను ఇంగ్లీషులో చెప్పమనండి, ఆనక ఆ వాక్యాన్నే నోట్సులో రాసి మర్నాడు బడికి తెమ్మనండి.