ఒక్క దేశం నాలుగైన దారిలో: సరస్సులు, సముద్రం, సరిహద్దులు

యూరప్ యాత్ర అనగానే పారిస్ ఇనుప గోపురం, స్విట్జర్లాండ్ మంచుకొండలు, రోమ్ శిథిలాలు గుర్తుకు రావడం పరిపాటి. కొంతకాలంగా యాత్రా సంస్థల కరపత్రాలలో మరొక మార్గం కూడా కనిపిస్తున్నది. స్లొవేనియా సరస్సు వద్ద మొదలై, క్రొయేషియా సముద్రతీరం వెంట దక్షిణానికి దిగి, నడుమ బోస్నియాలోని ఒక పాత పట్టణాన్ని చూపించి, మాంటెనీగ్రోలోని ఒక అఖాతం వద్ద ముగిసే పది పన్నెండు రోజుల బస్సు ప్రయాణం అది. గైడు వెంట ఉంటాడు. బస ముందే కుదిరి ఉంటుంది. దూరదేశంలో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో తల్లిదండ్రులను ఒక్కసారి విదేశం పంపుదామనుకున్నప్పుడు ఇలాంటి యాత్ర అనుకూలంగానే తోస్తుంది.

కరపత్రం నాలుగు దేశాలని చెబుతుంది. 1991 వరకు అవి నాలుగూ ఒక్క దేశంలోనివే. ఆ దేశం యుగోస్లావియా. ఈ పేరు ఇళ్ళలోని పెద్దవారికి కొత్త కాదు. దాని నాయకుడు టిటో, మన నెహ్రూ, ఈజిప్టు నాసర్ 1956 జులైలో ఏడ్రియాటిక్ సముద్రంలోని బ్రియూని దీవులలో సమావేశమయ్యారు. అలీనోద్యమపు మొదటి శిఖరాగ్ర సభ 1961లో యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది. ఆరు రిపబ్లిక్కుల ఆ సమాఖ్య నుండి 1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. 1992లో బోస్నియా విడిపోయింది. సెర్బియాతో కలిసి ఉండిపోయిన మాంటెనీగ్రో 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి వేరైంది.

1953లోను, 1956లోను గీసిన రాష్ట్రాల గీతలకు అవతల ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు ఈ కథ కొంత పరిచితంగానే ఉంటుంది. అయితే హోసూరు నుండి కుప్పం పోవడానికి పాస్‌పోర్టు అవసరం లేదు. అక్కడ అవసరం. ఈ యాత్ర ఎలా సాగుతుందన్నది ఆ సరిహద్దుల మీదనే ఆధారపడి ఉంటుంది. కరపత్రంలో మాత్రం బొమ్మలన్నీ నీటివే.

ఆ నీరు నిజంగానే చూడదగినది. ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉన్న బ్లెడ్ సరస్సు పొడవు సుమారు రెండు కిలోమీటర్లు. నడుమ చిన్న దీవి, దీవి మీద చర్చి, ఒడ్డున నిట్టనిలువు కొండ మీద కోట ఉన్నాయి. ఆ కోట ప్రస్తావన 1011వ సంవత్సరపు పత్రంలోనే ఉన్నది. దీవికి 'ప్లెట్నా' అనే పడవలో తీసుకుపోతారు. పడవవాడు నిలబడి రెండు తెడ్లతో నడుపుతాడు. దిగిన చోటు నుండి చర్చికి 99 రాతిమెట్లు. అక్కడ పెళ్ళి చేసుకునే వరుడు వధువును ఎత్తుకుని ఆ మెట్లన్నీ ఎక్కాలని ఆనవాయితీ. మోకాళ్ళ నొప్పులున్నవారు దీవి చుట్టూ తిరిగి వచ్చినా పెద్ద లోటేమీ లేదు. సరస్సు అందం ఒడ్డు నుండే ఎక్కువ.

అక్కడికి గంట ప్రయాణంలో పోస్టోయ్నా గుహ ఉన్నది. బొర్రా గుహలో, బెలుం గుహలో చూసినవారికి సున్నపురాయి చేసే వింత తెలిసినదే. పోస్టోయ్నాలో అది 24 కిలోమీటర్ల మేర విస్తరించింది. 1872లోనే లోపల పట్టాలు వేశారు. ఇప్పుడు విద్యుత్ రైలు యాత్రికులను లోనికి తీసుకుపోతుంది. వేసవిలో కూడా లోపల వేడి పది డిగ్రీలకు మించదు, కనుక స్వెట్టరు తప్పనిసరి. వర్షపు నీరు సున్నపురాయిని కరిగించి గుహలు, గుంటలు చేసిన నేలను ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రజ్ఞులు 'కార్‌స్ట్' అంటారు. ఈ ప్రాంతపు పీఠభూమి పేరే ఆ మాటకు మూలం.

క్రొయేషియాలోని ప్లిట్విట్సే సరస్సులకు కారణం కూడా ఆ సున్నమే. రాతిని కరిగించుకుని వచ్చిన నీరు ఇక్కడ నాచు మీదుగా పారుతూ సున్నాన్ని తిరిగి వదిలిపెడుతుంది. ఆ సున్నం గట్టిపడి అడ్డుకట్టలవుతుంది. అడ్డుకట్ట వెనుక నీరు నిలిచి సరస్సవుతుంది, పొర్లి జలపాతమవుతుంది. ఇలా ఒకదాని కింద ఒకటిగా పదహారు సరస్సులు ఏర్పడ్డాయి. అనువైన చోట్ల కట్టలు ఏటా సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతూనే ఉన్నాయి. అందుకే ఆ నీటిలో దిగడం, ఈదడం నిషిద్ధం. కొయ్యబాటల మీద నడవవలసిందే. 1979లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. 1991 మార్చి 31న, ఈస్టరు పండుగనాడు, క్రొయేషియా యుద్ధపు తొలి సాయుధ ఘర్షణలలో ఒకటి జరిగినది కూడా ఈ సరస్సుల వద్దనే. 1992 నుండి 1997 వరకు ఇది ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో ఉండిపోయింది.

తీరపట్టణమైన స్ప్లిట్‌లో గైడ్లు ఒక పూట మాత్రమే ఆపుతారు. అది చాలదు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ సామాన్య శకం 305లో పదవి విడిచి వచ్చి నివసించిన కోటలాంటి భవనం అది. తరువాతి శతాబ్దాలలో జనం అందులోనే ఇళ్ళు కట్టుకున్నారు. నేటికీ గోడల లోపల కాపురాలున్నాయి, బట్టలు ఆరేసిన తీగలున్నాయి. క్రైస్తవులను హింసించిన ఆ చక్రవర్తి సమాధి మందిరాన్నే పిమ్మట చర్చిగా మార్చడం చరిత్ర చేసిన చమత్కారం.

స్ప్లిట్ దాటిన తరువాత బస్సు తూర్పునకు తిరిగి బోస్నియా సరిహద్దు చేరుతుంది. యాత్రకు బయలుదేరే కుటుంబం ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇక్కడే ఉన్నది.

స్లొవేనియా 2007 నుండి, క్రొయేషియా 2023 జనవరి 1 నుండి షెంజెన్ మండలంలో ఉన్నాయి. ఒకే వీసాతో యూరప్‌లోని 29 దేశాలలో తిరగడానికి వీలు కల్పించే ఏర్పాటు అది. అందుచేత స్లొవేనియా నుండి క్రొయేషియాకు పోయేటప్పుడు సాధారణంగా ఎవరూ ఆపి ముద్ర వేయరు. బోస్నియా, మాంటెనీగ్రో ఆ మండలంలో లేవు. బోస్నియాలో అడుగుపెట్టిన క్షణాన యాత్రికుడు షెంజెన్ నుండి బయటికి వెళ్ళినట్లు లెక్క. మోస్తార్ చూసి డుబ్రోవ్నిక్‌కు దిగితే అది రెండవ ప్రవేశం. అక్కడి నుండి మాంటెనీగ్రో పోయి, తిరుగు విమానం కోసం మళ్ళీ డుబ్రోవ్నిక్ వస్తే మూడవ ప్రవేశం. వీసా మీద ఒకే ప్రవేశం అని రాసి ఉంటే బోస్నియాలోనికి పోగలిగినా తిరిగి క్రొయేషియాలోనికి రానివ్వరు. రెండు ప్రవేశాలున్నా పై చెప్పిన దారికి చాలవు. అపరిమిత ప్రవేశాల వీసా ఉండాలి. ఆ వీసా ఉన్న భారతీయులను బోస్నియా, మాంటెనీగ్రో కూడా వేరే వీసా లేకుండా పరిమిత కాలానికి అనుమతిస్తున్నాయి. ఈ సడలింపు ఆయా ప్రభుత్వాలు ఇచ్చినది. కనుక సొమ్ము కట్టే ముందు ఒకసారి, బయలుదేరే ముందు మరొకసారి ఆయా దేశాల రాయబార కార్యాలయాల ప్రకటనలు చూసుకోవడం క్షేమం.

వీసాకు దరఖాస్తు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి చేయాలి. ఈ దారిలో అది చాలావరకు క్రొయేషియాయే అవుతుంది. దరఖాస్తు పత్రంలో ఎన్ని ప్రవేశాలు కావాలన్న ప్రశ్న స్పష్టంగా ఉంటుంది. మధ్యవర్తి నింపి ఇచ్చిన పత్రం మీద చదవకుండా సంతకం చేసేవారు ఆ ఒక్క గడినైనా చూడాలి. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా ఉండాలి. ఆ బీమా షెంజెన్ దేశాలకే పరిమితమా, బోస్నియా, మాంటెనీగ్రోలకు కూడా వర్తిస్తుందా అన్నది విడిగా అడగవలసిన సంగతి.

సరిహద్దు ప్రాంతాల వారికి మరొక చిక్కు కూడా ఉన్నది. తమిళనాడులోని తెలుగువారు చాలామంది తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియలుగా రాసుకుంటారు. ఇంటిపేరు రేషను కార్డులో ఒక విధంగా, బడి సర్టిఫికెట్టులో మరొక విధంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండిపోయినవారూ ఉన్నారు. పాస్‌పోర్టులో ఉన్న పేరే విమాన టిక్కెట్టులోను, బీమా పత్రంలోను అక్షరం తేడా లేకుండా ఉండేలా చూసుకోవాలి. దిద్దుబాటు అవసరమైతే వీసాకు ముందే జరగాలి. ప్యాకేజీ సొమ్ముతో పాటు టీసీఎస్ పేర సంస్థ వసూలు చేసే మొత్తం ప్రభుత్వానికి జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తే సర్దుబాటు అవుతుంది, చేయకపోతే రాదు. వ్యవసాయమే ఆధారమై ఏనాడూ రిటర్ను వేయని పెద్దవారి పేర ప్యాకేజీ కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక సరిహద్దు దాటితే మోస్తార్. నెరెత్వా నది మీద తురుష్కుల కాలంలో, 1566లో, ఒకే కమానుతో కట్టిన రాతి వంతెన ఈ ఊరి ప్రాణం. ఊరి పేరు కూడా వంతెన కాపలాదారులను బట్టి వచ్చినదే. నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచిన ఆ వంతెన బోస్నియా యుద్ధంలో క్రొయాట్ సేనల ఫిరంగి గుళ్ళకు 1993 నవంబరు 9న నదిలో కూలిపోయింది. అదే జాతి రాతిని తెచ్చి, పాత పద్ధతిలో చెక్కి మళ్ళీ కట్టారు. 2004 జులైలో వంతెన తెరుచుకున్నది. వేసవిలో ఊరి యువకులు సుమారు 24 మీటర్ల ఎత్తు నుండి చల్లని నదిలోనికి దూకుతారు. దూకే ముందు చూసేవారి నుండి చందా పోగుచేస్తారు. వంతెన రాళ్ళు అరిగి నున్నగా ఉంటాయి, జారుతాయి.

మోస్తార్‌లో భోజనం గురించి ఒక మాట. అక్కడ బురెక్ అంటే మాంసం పెట్టి చుట్టిన రొట్టె. శాకాహారులు సిర్నిత్సా అని అడిగితే జున్నుది, జెల్యానిత్సా అంటే పాలకూరది ఇస్తారు. ఎర్రని క్యాప్సికం కాల్చి, కొన్ని చోట్ల వంకాయ కూడా చేర్చి, నూనెలో మగ్గించిన 'ఐవార్' అనే పచ్చడి ఈ దేశాలన్నిటా దొరుకుతుంది. మన ఇళ్ళలో వేసవిలో ఆవకాయ పెట్టుకున్నట్లు, అక్కడి ఇళ్ళలో శరదృతువులో ఏడాదికి సరిపడా సీసాలకు ఎత్తుకుంటారు.

భాష సంగతి మరీ విచిత్రం. ఒకప్పుడు సెర్బో-క్రొయేషియన్ అన్నదే నేడు సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, మాంటెనీగ్రిన్ అని నాలుగు పేర్లతో వ్యవహారంలో ఉన్నది. ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. బోస్నియాలోను, మాంటెనీగ్రోలోను లాటిన్, సిరిలిక్ లిపులు రెండూ అధికారికమే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో ఒడియానో రాసుకున్నవారు ఆ దారి పలకలను చూసి ఆశ్చర్యపోరు.

మోస్తార్ నుండి నది వెంట దిగితే సముద్రం. బోస్నియాకు ఉన్న సముద్రతీరమంతా ఇరవై కిలోమీటర్లకు కాస్త అటు ఇటు. ఆ ఊరు నెయుమ్. దానికి రెండు వైపులా క్రొయేషియాయే. డుబ్రోవ్నిక్ ఒకప్పుడు రగూసా అనే స్వతంత్ర నగర రాజ్యం. పొరుగున ఉన్న వెనిస్ భయానికి, 1699 నాటి ఒప్పందం సందర్భంగా తన నేలలో ఒక ముక్కను తురుష్కులకు విడిచిపెట్టి అడ్డుగోడలా చేసుకున్నది. రగూసా పోయింది, వెనిస్ రాజ్యం పోయింది, తురుష్కులూ పోయారు. గీత మాత్రం మిగిలింది. ఫ్రెంచివారు పోయి దశాబ్దాలు గడిచినా యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉండగా పాలన పుదుచ్చేరిదైనట్లే ఇదీను. క్రొయేషియాలోని ఒక ఊరి నుండి అదే దేశంలోని డుబ్రోవ్నిక్‌కు రోడ్డు మీద పోవాలంటే పది కిలోమీటర్ల లోపే రెండు సార్లు పాస్‌పోర్టు చూపవలసి వచ్చేది. 2022 జులై 26న తెరిచిన పెల్యేషాట్స్ వంతెన ఆ బెడదను తప్పించింది. దాని పొడవు 2,404 మీటర్లు. నిధులలో పెద్ద వాటా ఐరోపా సమాఖ్యది, నిర్మాణం చైనా సంస్థది. వీసాలో ప్రవేశాలు తక్కువ పడినవారు మోస్తార్ మానుకుని ఈ వంతెన మీదుగా డుబ్రోవ్నిక్ చేరవచ్చు. అయితే గుంపు ప్రయాణంలో ఒకరిద్దరి కోసం బస్సు దారి మారదు.

డుబ్రోవ్నిక్ కోటగోడ చుట్టుకొలత 1,940 మీటర్లు. దాని మీద నడక ఈ యాత్రలో ఎక్కువమంది కోరుకునేది. మెట్లు ఎక్కువ, నీడ తక్కువ, రుసుము కూడా తక్కువేమీ కాదు. ఉదయం తలుపు తీయగానే ఎక్కడం మేలు. కరోనా రోజులలో అందరి నోట నలిగిన క్వారంటైన్ పద్ధతిని శాసనంగా మొదట పెట్టినది ఈ నగరమే. 1377లో, ప్లేగు ఉన్న చోట్ల నుండి వచ్చినవారు నెలరోజులు ఊరి బయట ఉండాలని నిర్ణయించారు. ఆ గడువు తరువాత నలభై రోజులైంది. ఇటలీ భాషలో నలభై అన్న మాట నుండే ఆ పేరు పుట్టింది. 1991 డిసెంబరు 6న ఈ పాత నగరం మీద తీవ్రంగా ఫిరంగి గుళ్ళు కురిశాయి. కోటగోడ మీది నుండి చూస్తే ఇళ్ళ కప్పులలో కొన్ని వెలిసిన రంగులోను, అధికభాగం ఎర్రగాను కనిపిస్తాయి. ఆ ఎర్రనివి యుద్ధం తరువాత కొత్తగా కప్పిన పెంకులు.

చివరి మజిలీ కొటోర్ అఖాతం. కొండల నడుమకు సముద్రం చొచ్చుకు వచ్చిన చోటు అది. పెరాస్ట్ అనే చిన్న ఊరి ఎదుట నీటిలో ఒక దీవి ఉన్నది. అది మనుషులు చేసిన దీవి. పాత ఓడలను ముంచి, రాళ్ళు పోసి కట్టారు. నేటికీ ప్రతి జులై 22న ఊరివారు పడవలను వరుసగా కట్టుకుని పోయి దాని చుట్టూ రాళ్ళు వేసి వస్తారు. కొటోర్ కోట పైకి సుమారు 1,350 మెట్లు. ఎక్కలేనివారికి కింద ఊరి సందులు చాలు.

మే, జూన్, సెప్టెంబరు నెలలు ఈ ప్రయాణానికి అనువైనవి. జులై, ఆగస్టులలో క్రొయేషియా, మాంటెనీగ్రో సరిహద్దు వద్ద బస్సులు గంటల తరబడి నిలిచిపోతాయి. షెంజెన్ మండలంలోనికి వచ్చిన రోజు, బయటికి పోయిన రోజు కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి 2025 అక్టోబరు 12 నుండి దశలవారీగా అమలులోనికి వచ్చింది. ప్రతి ఒక్కరూ బస్సు దిగి కిటికీ వద్ద నిలబడవలసి రావచ్చు. మందులు, వైద్యుని చీటీ, మంచినీరు చేతిసంచిలోనే ఉంచుకోవాలి, డిక్కీలోని పెట్టెలో కాదు. స్లొవేనియా, క్రొయేషియాలతో పాటు మాంటెనీగ్రోలో కూడా యూరోయే చెల్లుతుంది. బోస్నియాది మాత్రం వేరే నాణెం, మార్కు. మోస్తార్‌లో మిగిలిన మార్కులను అక్కడే ఖర్చు చేయాలి. గీత దాటితే వాటిని మార్చుకోవడం కష్టం.