కంప్యూటర్ ఆగింది – కథ ఎక్కడికి పోయింది?

ఒక రచయిత ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద నవల రాస్తున్నాడనుకోండి. పదో ప్రకరణం సగంలో వుంది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. మీట ఎన్నిసార్లు నొక్కినా యంత్రం మేలుకోలేదు. ఆయన గుండె గుభేలుమంది. ఆరు నెలల శ్రమ! అదంతా మాయమైనట్లేనా?

తొందరపడి జవాబు చెప్పకండి. ముందుగా కంప్యూటర్ మన రాతను ఎక్కడ, ఎలా దాచుకుంటుందో తెలుసుకుందాం.

పలక, పుస్తకం

కంప్యూటర్‌కు తెలిసిన అంకెలు రెండే: 0, 1. ఈ అంకెను బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. నేడు విరివిగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు 'అ'కు 3 బైట్లు కావాలి. 'అమ్మ' అని రాస్తే – అ, మ, పొల్లు గుర్తు, మళ్ళీ మ – మొత్తం 12 బైట్లు. అంటే 96 బిట్లన్న మాట!

మీరు చిత్తులెక్క పలక మీద చేసి, సరిచూసుకుని, పుస్తకంలో ఎక్కించుకుంటారు. కంప్యూటర్‌లోనూ ఇలాంటి రెండు చోట్లున్నాయి. పలక వంటిది ర్యామ్. ఇందులో కోట్లకొద్దీ అతి చిన్న కెపాసిటర్లు వుంటాయి. విద్యుదావేశం వుంటే 1, లేకపోతే 0. కాని ఇవి చిల్లికుండల వంటివి. ఆవేశం కారిపోతూ వుంటుంది. అందుకని సెకనులో ఎన్నోసార్లు వాటిని తిరిగి నింపుతూ వుండాలి. కరెంటు పోయిందా, కుండలన్నీ ఖాళీ! పలక తుడిచినట్లే.

పుస్తకం వంటిది హార్డ్ డిస్క్. గుండ్రని పళ్ళెం మీద పలుచని అయస్కాంత పొర వుంటుంది. ఆ పొరలోని సూక్ష్మ భాగాలు ఏ దిశగా అయస్కాంతీకరణం చెందాయన్న దాన్నిబట్టి 0, 1 నమోదవుతాయి. మీ ప్రయోగశాలలోని దండాయస్కాంతాన్ని బీరువాలో పెట్టి తాళం వేసినా అది అయస్కాంతంగానే వుంటుంది కదా! ఇదీ అంతే. కరెంటు లేకపోయినా రాత నిలుస్తుంది.

కాబట్టి మన రచయిత చివరిసారి 'సేవ్' చేసిన తరువాత రాసినది పోవచ్చు. అంతకుముందు రాసినది డిస్క్‌లోనే వుంటుంది. చెడింది కరెంటు అందించే భాగమైతే మరమ్మతు చేసేవారు డిస్క్‌ను ఊడదీసి, మరో కంప్యూటర్‌కు తగిలించి చదవగలరు.

డిస్కే చెడితే?

అసలు చిక్కు ఇక్కడే వుంది. పళ్ళెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. దానిమీద రాసి, చదివే భాగం కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ వుంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు! ఆ సందులో దుమ్ము కణం పడినా ప్రమాదమే. గట్టి కుదుపు తగిలి ఆ భాగం పళ్ళేన్ని రాసుకుంటే అయస్కాంత పొర గీరుకుపోతుంది. డిస్క్ టిక్కుటిక్కుమంటే వెంటనే ఆపివేయాలి. మళ్ళీమళ్ళీ తిప్పినకొద్దీ గీతలు పెరుగుతాయి.

యంత్రం పోయినా రాత మిగిలింది

'స్టార్ ట్రెక్' అనే టెలివిజన్ ధారావాహిక 1966లో అమెరికాలో మొదలైంది. దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. ఆయన తనకోసం ప్రత్యేకంగా తయారు చేయించుకున్న కంప్యూటర్లపై రాసేవాడు. 1991లో మరణించాడు. సుమారు 200 ఫ్లాపీ డిస్కులు మిగిలాయి. వాటిని చదవగల కంప్యూటర్ ఒకటి మిగిలింది గాని, అది పనిచేయదు. మామూలు కంప్యూటర్లకు ఆ ఫ్లాపీల అమరిక అర్థం కాలేదు. నిపుణులు నెలల తరబడి శ్రమించి ఆ అమరికను ఛేదించారు. చాలా భాగం చదవగలిగినట్లు 2016లో ప్రకటించారు.

చూశారా! రాత భద్రంగా వుంటే చాలదు. దాన్ని చదివే యంత్రం కూడా వుండాలి. అందుకే పాత డిస్కుల్లోని విషయాన్ని ఎప్పటికప్పుడు కొత్తవాటిలోకి ఎక్కించుకోవాలి.

మన పూర్వుల తాళపత్రాలకు చెదలు పట్టేవి. అయినా మరో ఊళ్ళో మరొకరు రాసుకున్న ప్రతి వున్నందువల్ల ఎన్నో కావ్యాలు దక్కాయి. కంప్యూటర్ కాలంలోనూ సూత్రం అదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట.

ఇప్పుడు మీకొక లెక్క. రాడెన్‌బెరీ ఫ్లాపీ ఒక్కొక్కదానిలో 160 కిలోబైట్లు పడతాయి. ఒక కిలోబైట్ 1024 బైట్లు. అలాంటి ఫ్లాపీ నిండా 'అమ్మ' అని ఎన్నిసార్లు రాయవచ్చు? పలక తీసుకోండి!