ముఖ వ్యాయామం, మర్దనం, ముడుతలు: ఒక పరిశీలన

ముఖం చూసి వయస్సు చెప్పడం లోకంలో అందరికీ అలవాటైన పని. జుట్టు నెరిస్తే రంగు వేసుకోవచ్చు. పళ్ళు ఊడితే కట్టించుకోవచ్చు. కాని నుదుటి మీద, కనుకొనల వద్ద, పెదవుల పక్కన పడిన గీతలను దాచడం అంత సులభం కాదు. వీటినే తెలుగులో ముడుతలంటాం. సంస్కృతంలో ‘వలి’ అంటారు. నెరసిన వెంట్రుకలతో జతచేసి ‘వలీపలితాలు’ అని మన పూర్వులు వార్ధక్య చిహ్నాలుగా పేర్కొన్నారు. ఉర్దూలో ఇవే ‘ఝుర్రియాఁ’. పేరు ఏదైనా, వాటిని పోగొట్టుకోవాలన్న కోరిక మాత్రం అన్ని భాషల వారికీ ఒకటే.

ఈ కోరికను ఆసరాగా చేసుకొని ‘ముఖ యోగం’ అనే పేరుతో కొన్ని వ్యాయామాలు ఇటీవల విశేష ప్రచారం పొందాయి. బుగ్గలు పూరించి, పెదవులు సాగదీసి, వేళ్ళతో రుద్దుకుంటే నెల తిరగకముందే ముడుతలు మాయమవుతాయని చెప్పేవారు కొందరు. అదంతా బూటకమని తోసిపుచ్చేవారు మరికొందరు. విద్యార్థినీ విద్యార్థులు కొందరు తమ తల్లుల కోసం, కొందరు తమ కోసమే ఈ విషయం అడుగుతూ ఉంటారు. కావున ఇందులో నిజమెంతో, అతిశయోక్తి ఎంతో నిదానంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముడుత ఎలా ఏర్పడుతుంది?

మన చర్మంలో రెండు ప్రధానమైన పొరలున్నాయి. పైపొర పలుచనిది, అది నిత్యం రాలిపోతూ కొత్తగా పుడుతూ ఉంటుంది. దాని కింది పొర మందమైనది. చర్మానికి బిగువును ఇచ్చేది ఈ లోపలి పొరయే. ఇందులో కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు దట్టంగా అల్లుకొని ఉంటాయి. వాటి మధ్య ఎలాస్టిన్ అనే సాగే పోగులు ఉంటాయి. కొత్త నవారు మంచంపై కూర్చుని లేస్తే పట్టె వెంటనే తన స్థితికి వస్తుంది. ఏళ్ళు గడిచిన నవారు కూర్చున్న చోటనే కుంగి ఉండిపోతుంది. చర్మం సంగతి కూడా ఇంచుమించు ఇదే. పడుచుదనంలో నవ్వు ఆగగానే గీత మాయమవుతుంది. పోగులు సడలిన తరువాత నవ్వు ఆగినా గీత నిలిచిపోతుంది.

ముఖ కండరాలకు మరొక విశేషం ఉంది. చేతి కండరాలు, కాలి కండరాలు సాధారణంగా ఒక ఎముక నుండి మరొక ఎముకకు కట్టుకొని ఉంటాయి. హావభావాలను ప్రకటించే ముఖ కండరాలు మాత్రం ముఖ్యంగా చర్మానికే అంటుకొని ఉంటాయి. అందుచేతనే కండరం ముడుచుకున్నప్పుడల్లా దానిపై ఉన్న చర్మం కూడా మడత పడుతుంది. ఆ మడత కండరం సాగిన దిశకు అడ్డంగా ఏర్పడుతుంది. నుదుటి కండరం నిలువుగా ఉంటుంది; నుదుటి గీతలు అడ్డంగా ఉంటాయి. కంటి చుట్టూ కండరం వలయంగా ఉంటుంది. కనుకొనల వద్ద గీతలు కిరణాల వలె బయటికి విచ్చుకుంటాయి.

ఈ సత్యాన్ని శాస్త్రం కంటే ముందే మన భాషలు గ్రహించాయని చెప్పవచ్చు. తెలుగులో కోపానికి ‘బొమముడి’ అన్నారు. ఫారసీ నుండి ఉర్దూలోకి వచ్చిన ‘చీన్-బ-జబీన్’ అనే పదబంధానికి మాటకు మాట అర్థం ‘నుదుట మడత గలవాడు’, భావార్థం ‘కోపగించినవాడు’. మనస్సులోని కోపం కండరాన్ని కదిలిస్తే, కండరం చర్మాన్ని మడిచిందన్నమాట.

ఒక చిక్కు ప్రశ్న

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. కండరాల కదలిక వల్లనే గీతలు పడుతున్నప్పుడు, అదే కండరాలకు వ్యాయామం ఇస్తే గీతలు ఎలా పోతాయి?

ఈ సందేహం ఊరక పుట్టినది కాదు. స్కాట్లాండుకు చెందిన సర్ చార్లెస్ బెల్ 19వ శతాబ్ది ఆరంభంలో వర్ణించిన ముఖ పక్షవాతంలో, ముఖంలో ఒక పక్క కండరాలు పనిచేయడం మానేస్తాయి. అప్పుడు ఆ పక్క నుదుటి గీతలు చదునైపోతాయి. నేడు ధనికులు చేయించుకునే బొట్యులినమ్ సూదిమందు పని కూడా ఇదే. కనుబొమల నడిమి గీతల కోసం 2002లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతించిన ఈ మందు, కండరాన్ని కొన్ని నెలల పాటు సడలించి గీతను తగ్గిస్తుంది. అనగా, కదలిక ఆగితే గీత తగ్గుతుందని రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి. వ్యాయామం చెప్పేది దీనికి విరుద్ధం కాదా?

సమాధానం ఏమిటంటే, వయస్సు ముఖంపై చేసే పని ఒక్కటి కాదు. గీతలు పడడం ఒకటి. బుగ్గలు లోతుకు పోవడం మరొకటి. వయస్సు పెరిగే కొద్దీ చెంపలలోని కొవ్వు తరుగుతుంది. దవడ ఎముకలు కూడా కొంత క్షీణిస్తాయి. లోపలి ఆధారం తగ్గినప్పుడు పైచర్మం గుడారపు గుడ్డ వలె వేలాడుతుంది. వ్యాయామం వల్ల చెంప కండరం కొంత పుష్టి చెందితే ఆ ఖాళీ కొంత నిండవచ్చు. గీతలకు కాకపోయినా, వేలాడే చెంపకు అది మేలు చేయవచ్చు.

ఒక ప్రయోగం, దాని హద్దులు

ఈ ఊహను అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ చర్మవైద్యులు పరీక్షించి, ఫలితాలను 2018లో ప్రకటించారు. 40 నుండి 65 ఏళ్ళ వయస్సు గల 27 మంది స్త్రీలు ఇందులో చేరారు. మొదటి 8 వారాలు ప్రతిదినం 30 నిమిషాలు, తరువాత 20వ వారం వరకు దినం మార్చి దినం వారు ముఖ వ్యాయామాలు చేయవలసి ఉంది. చివరి వరకు నిలిచినవారు 16 మంది మాత్రమే. వారి ఛాయాచిత్రాలను చూసి వైద్యులు అంచనా కట్టిన సగటు వయస్సు ఆరంభంలో 50.8 ఏళ్ళు, 20 వారాల తరువాత 48.1 ఏళ్ళు. పై చెంప, కింది చెంప నిండుదనంలో స్పష్టమైన మార్పు కనిపించింది.

ఇది చూసి సంబరపడవచ్చు. కాని తొందరపడి తీర్పు చెప్పరాదు. పరిశీలించినవారి సంఖ్య చాలా తక్కువ. వ్యాయామం చేయని మరొక బృందాన్ని పోలిక కోసం తీసుకోలేదు. పదకొండుగురు మధ్యలోనే విరమించారు. రోజుకు అరగంట ముఖానికి కేటాయించడం ఎంత కష్టమో దీనిని బట్టి తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మేలు కనిపించినది చెంపల నిండుదనంలోనే. గీతలన్నీ చెరిగిపోయాయని ఆ వైద్యులు చెప్పలేదు. ముఖ వ్యాయామం పూర్తిగా వ్యర్థం కాదు, మహిమ కూడా కాదు అన్నంత వరకే మనం నిశ్చయించవచ్చు.

చేయదలచిన వారికి విధానం

పై ప్రయోగంలోని వ్యాయామాలలో చెంపలకు సంబంధించినవి రెండింటిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిది: నోరు గుండ్రంగా ‘ఓ’ ఆకారంలో తెరవాలి. పై పెదవిని పై పళ్ళ మీదికి మడవాలి. ఆ స్థితిలోనే నవ్వుతున్నట్లు చెంపలను పైకి లేపాలి. చెంపల పైభాగాన వేళ్ళను తేలికగా ఆనించి, చెంపలను దించుతూ లేపుతూ ఒక నిమిషం సేపు చేయాలి.

రెండవది: పళ్ళు కనబడకుండా నవ్వి, పెదవులు బిగించి, చెంప కండరాలను పైకి నెట్టాలి. పెదవుల కొనల వద్ద వేళ్ళుంచి మెల్లగా చెంపల పైవరకు జరిపి, 20 సెకనులు నిలపాలి.

కనుబొమలు ముడివేయడం, కళ్ళు గట్టిగా చికిలించడం, నుదురు పదే పదే ఎగరవేయడం వంటివి ‘వ్యాయామం’ అన్న పేరుతో చేయకపోవడమే మేలు. గీతలను పుట్టించే కదలికలు అవే గదా!

మర్దనం

మర్దనం మన దేశానికి కొత్త కాదు. అష్టాంగ హృదయం నిత్యాభ్యంగనాన్ని విధిస్తూ, జరను పోగొట్టడం దాని ప్రయోజనాలలో ఒకటిగా చెప్పింది. యునానీ వైద్యంలో మర్దనాన్ని ‘దల్క్’ అంటారు. 980లో జన్మించి 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో దీనిని రకాలుగా విభజించాడు. గట్టి మర్దనం శరీరాన్ని దృఢపరుస్తుందని, మెత్తని మర్దనం సడలిస్తుందని, దీర్ఘ మర్దనం కృశింపజేస్తుందని, మితమైనది పుష్టినిస్తుందని ఆయన అభిప్రాయం. హైదరాబాదులో చార్మినారు వద్ద గల నిజామియా తిబ్బీ కళాశాల నేటికీ ఈ వైద్య విద్యకు నిలయం. పెండ్లి ఇండ్లలో తెలుగువారు పెట్టే నలుగు, హైదరాబాదు ముస్లిముల ఇండ్లలో వధూవరులకు పూసే చిక్సా, ఈ సంప్రదాయానికి తోబుట్టువులే.

ఆధునిక దృష్టితో చూస్తే మర్దనం చేసేదేమిటి? చర్మానికి రక్తప్రసారం కొంతసేపు పెరుగుతుంది. ఉదయపు ఉబ్బు తగ్గుతుంది. బిగుసుకొని ఉన్న నుదురు, దవడ సడలి మనస్సుకు హాయి కలుగుతుంది. నూనె వల్ల పైపొర తేమ నిలిచి సన్నని గీతలు తాత్కాలికంగా మెత్తబడతాయి. పెండ్లినాటి కళకు కారణం కొంతవరకు ఇదే. కాని తెగిన కొల్లాజెన్ పోగులను వేళ్ళు తిరిగి అతకగలవని ఎవరూ నిరూపించలేదు.

మర్దనానికి చేతులు శుభ్రంగా ఉండాలి. కొద్దిపాటి నూనెతో, చర్మాన్ని లాగకుండా, గడ్డం నుండి చెవుల వైపుగా, నుదుటి నడిమి నుండి కణతల వైపుగా ఐదు నిమిషాలు చాలు. కంటి కింద ఉంగరపు వేలితో తాకీ తాకనట్లు చేయాలి. మొటిమలున్న ముఖాన్ని రుద్దరాదు. అట్టివారికి కొబ్బరినూనె వంటి చిక్కని నూనెలు మొటిమలను పెంచవచ్చు.

అసలు శత్రువు

వ్యాయామం, మర్దనం అని మనం చర్చిస్తూ ఉండగా అసలు శత్రువు నెత్తిమీదనే ఉంటాడు. అతడే సూర్యుడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలోకి దిగి, కొల్లాజెన్‌ను కొరికే ఎంజైములను రేకెత్తిస్తాయి. వీటిలో ‘ఎ’ రకం కిరణాలు కిటికీ అద్దాన్ని కూడా దాటి వస్తాయి. 28 సంవత్సరాలు లారీ నడిపిన 69 ఏళ్ళ అమెరికా డ్రైవరు ఛాయాచిత్రం ఒకటి 2012లో అక్కడి ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రచురితమైంది. కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప నిండా లోతైన ముడుతలు. కుడి చెంప చాలా నయంగా ఉంది. ముఖం ఒకటే, వయస్సు ఒకటే, కండరాలు ఒకటే. తేడా ఎండ ఒక్కటే. ఇంతకంటే స్పష్టమైన పాఠం ఏముంటుంది?

ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 55 ఏళ్ళ లోపు వయస్సు గల 903 మందిని నాలుగున్నర సంవత్సరాలు పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. ప్రతిదినం సన్‌స్క్రీన్ పూసుకున్నవారిలో చర్మ వార్ధక్యం, ఇష్టమైనప్పుడే పూసుకున్నవారి కంటే 24 శాతం తక్కువగా ఉంది. మన చర్మంలో మెలనిన్ అధికం కావడం వల్ల తెల్లవారి కంటే మనకు ముడుతలు ఆలస్యంగా వస్తాయి. కాని మచ్చలు, నల్లదనం మనకే ఎక్కువ. నల్లని చర్మం లోపం కాదు, ప్రకృతి మనకిచ్చిన గొడుగు అని గ్రహించాలి.

ఎండకు తోడు పొగాకు. ధూమపానానికి, ముఖంపై ముడుతలకు గల సంబంధాన్ని 1971లోనే హ్యారీ డేనియల్ అనే అమెరికా వైద్యుడు చూపించాడు. చాటుగా సిగరెట్టు కాల్చే విద్యార్థి పెద్దల కన్ను కప్పగలడేమో గాని, తన చర్మం కన్ను కప్పలేడు.

ఒక హెచ్చరిక

వ్యాయామం వల్ల కలిగే నష్టం అరగంట కాలమే. కాని ముఖకాంతి పేరుతో కొందరు మందుల దుకాణాలలో అడిగి కొనుక్కునే పూతలలో బీటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. పూసిన వారం రోజులకే ముఖం తేటపడినట్లు కనబడుతుంది. నెలలు గడిచే కొద్దీ చర్మం కాగితం వలె పలుచబడి, ఎర్రబారి, మొటిమలు, అవాంఛిత రోమాలు పుట్టుకొస్తాయి. మానబోతే మంట పుడుతుంది. ఇట్టి పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన చేసింది. స్నేహితురాలు పూసుకుంటున్నదని తానూ పూసుకోవడం ఎంత మాత్రం తగదు. ముడుతలకు నిజంగా పనిచేసే ట్రెటినాయిన్ వంటి మందులు కూడా చర్మవైద్యుని సలహా మీదనే వాడాలి. గర్భిణులు వాటికి దూరంగా ఉండాలి.

ముగింపు

చెప్పిన విషయాలను క్రోడీకరిస్తే తేలేది ఇది. ముఖ వ్యాయామం మధ్య వయస్సులో చెంపలకు కొంత నిండుదనం ఇవ్వవచ్చు. మర్దనం హాయిని, తాత్కాలికమైన కళను ఇస్తుంది. పడిన గీతను ఈ రెండూ చెరపలేవు. పడబోయే గీతను ఆలస్యం చేసేది నీడ.

విద్యార్థినీ విద్యార్థులారా! పోగొట్టుకోవలసిన ముడుతలు మీకింకా లేవు. కాపాడుకోవలసిన చర్మం ఉంది. ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 4 వరకు బయటికి వెళ్ళవలసి వస్తే గొడుగో, చున్నీయో, తలగుడ్డయో వెంట ఉంచుకొనండి. వీలున్నవారు ఎస్.పి.ఎఫ్. 30కి తక్కువ కాని సన్‌స్క్రీన్ వాడండి. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. ఆటల పీరియడు ఎండ తీవ్రత తగ్గిన వేళకు మార్చడం, పిల్లలు బస్సు కోసం నిలబడే చోట ఒక పందిరి వేయించి నాలుగు వేపమొక్కలు నాటించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఏ ఖరీదైన పూతా ఇవ్వలేని రక్షణను అవి ఏళ్ళ తరబడి ఇస్తాయి.

ఇక మన తల్లుల ముఖాలపై ఇప్పటికే పడిన గీతల మాట. వాటిలో కొన్ని పొలంలోను, దారిలోను, మేడ మీద బట్టలు ఆరవేస్తూను ఎండ గీసినవి. కొన్ని మనల్ని చూసి నవ్విన నవ్వులు గీసినవి. వాటిని చూసి వారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. కోరితే రాత్రిపూట ఐదు నిమిషాలు వారి నుదుటికి నూనె రాసి మృదువుగా మర్దించండి. గీత పోకపోవచ్చు, దినమంతా బిగుసుకొని ఉన్న ఆ నుదురు మాత్రం తప్పక సడలుతుంది.